వెనక నుంచి పిలిచే గొంతు

తెల్లవారక ముందు ఉప్పాడ పేటలో అందరికన్నా ముందు లేచేది నూకరత్నం గొంతు. ఒడ్డున ఉన్న సమాచార కేంద్రంలో ఆమె మైకు నొక్కగానే, కరెంటు స్తంభాలకు కట్టిన గొట్టం స్పీకర్లు ఒకసారి దగ్గుతాయి. తరవాత ఆ గొంతు చీకట్లోకి దిగుతుంది.

"నమస్కారమండీ. ఈవేళ సముద్రం సంగతి చెబుతున్నాను."

చేప ఏ దిక్కున ఎంత లోతులో తిరుగుతోంది, అల ఎంత ఎత్తు లేస్తుంది, గాలి ఎటు మళ్ళుతుంది అన్న కబురు హైదరాబాదు నుంచి కంప్యూటరులోకి వస్తుంది. దాన్ని పేటకు అర్థమయ్యే మాటల్లో చదవడం ఆమె పని. ఆ గొంతులో తొందర ఉండదు, విసుగూ ఉండదు. తడి ఇసుక మీద పడిన అడుగులా ఉంటుంది. పడీ పడగానే నీళ్ళు నిండిపోయి, ఎవరిదో తెలియదు.

ఈ పనికి ఆమెకు జీతం లేదు. మూడో ఏడు నడుస్తోంది.

"జీతం లేకుండా పొద్దున్నే లేచి చేసేదాన్ని ఉద్యోగం అనరే, కాపరం అంటారు" అంటుంది నాయనమ్మ సుబ్బాయమ్మ, నులక మంచం మీంచి కదలకుండా. ఆ మాటకు అందరూ నవ్వుతారు. నూకరత్నం కూడా నవ్వుతుంది, అందరూ నవ్విన కాసేపటికి.

నూకరత్నం తండ్రి పల్లంరాజుకు ఒక ఫైబర్ బోటు ఉంది. తల్లి బేబీ చేపల గంపతో పిఠాపురం వెళ్ళి అమ్ముకొస్తుంది. ఒడ్డు కోసుకుపోయి, వాళ్ళ పాత ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది. పేటలో దాన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. అల బాగా వెనక్కి పోయినప్పుడు ఎప్పుడైనా గచ్చు ముక్క ఒకటి బయటపడితే, "అదిగో, మన వంటిల్లు" అని సుబ్బాయమ్మ చూపించేది, బస్సులోంచి దూరపు బంధువును చూపించినట్టు.

నూకరత్నం మొదటిసారి పడిపోయింది తొమ్మిదో తరగతిలో, బడి వరండాలో. కళ్ళు తెరిచేసరికి గుప్పిట్లో ఎవరివో తాళంచెవులు ఉన్నాయి. ఫిట్స్ వచ్చినవాళ్ళ చేతిలో ఇనుము పెట్టాలని అక్కడ అందరికీ తెలుసు. తరవాత చాలాసార్లు అలాగే లేచింది. ఒకసారి ఎవరిదో బీరువా తాళం, ఒకసారి సైకిలు తాళం. తల్లితో చేపలమ్మడానికి పోతూ షేర్ ఆటోలో పడిపోయినప్పుడైతే డ్రైవరు కంగారులో ఆటో తాళమే పీకి ఆమె చేతిలో పెట్టాడు. ఆటో నడిరోడ్డు మీద ఆగింది, గంప తిరగబడింది, కానాగంత చేపలు తారు మీద ఎండకు మెరుస్తూ పడ్డాయి. ఆ రోజుతో బేబీ కూతుర్ని తనతో తీసుకెళ్ళడం మానేసింది.

కాకినాడలో డాక్టరు మాత్రలు రాసి జాగ్రత్తలు చెప్పాడు. నిప్పు దగ్గర ఒంటరిగా ఉండకూడదు. నిద్ర చెడగొట్టుకోకూడదు. నీళ్ళ దగ్గరికి వెళ్ళకూడదు.

"నీళ్ళ దగ్గరికి ఎళ్ళొద్దంటే మా ఇంట్లోంచి ఏ పక్కకెళ్ళాలండీ?" అని అడిగింది బేబీ. డాక్టరు నవ్వాడు. బేబీ నవ్వడానికి అడగలేదు.

మాత్రలు పని చేశాయి. పెద్ద ఫిట్స్ పలచబడి, చివరికి ఆగిపోయాయి. వాటితో పాటు ఇంకేవో కూడా ఆగిపోయాయి. అవేంటో నూకరత్నం చెప్పలేకపోయేది. పండక్కి కొత్త ఓణీ ఇస్తే బాగుందని తెలిసేది, బాగున్నట్టు ఉండేది కాదు. చాలాసేపు మఠం వేసుకుని కూర్చున్నాక కాలు తనది కానట్టుంటుంది కదా, ఆ తిమ్మిరి కాల్లోంచి పైకి పాకి ఎక్కడో గుండె దగ్గర ఆగిపోయింది. గిల్లితే తెలుస్తుంది, నొప్పి మాత్రం పక్కింట్లో ఉంటుంది.

డిగ్రీ పిఠాపురంలో చదివింది. ఫిట్స్ ఇంకా పూర్తిగా ఆగని రోజుల్లో ఒక ప్రైవేటు బళ్ళో పంతులమ్మగా చేరి, పిల్లల ముందే పడిపోయింది. "కాస్త రెస్టు తీసుకోమ్మా" అన్నారు హెడ్మాస్టరు గారు, ఎన్నాళ్ళో చెప్పకుండా. మందుల షాపులో పని అడిగితే, కౌంటరు వెనక గాజు బీరువాలు చూపించి తల అడ్డంగా ఊపారు. పెళ్ళి మాట ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. అలాంటి రోజుల్లో, సమాచార కేంద్రంలో చదివే అమ్మాయి పెళ్ళై యానాం వెళ్ళిపోయింది.

కేంద్రం నడిపే సంస్థ తరఫున కాకినాడ నుంచి వచ్చే హెలెన్ మేడం ఆమెను కూర్చోబెట్టి చదివించి చూసింది.

"గొంతు బావుంది. కానీ ప్రస్తుతానికి పోస్టు లేదు, నూకరత్నం. ఊరికే చేస్తానంటే చెయ్యి. పోస్టు వచ్చిన రోజు ముందు నిన్నే అడుగుతాను."

"చేస్తానండి."

"ఆరోగ్యం ఎలా ఉంది? ఫిట్స్ వచ్చేవన్నారు. ఇంకా పడిపోతున్నావా?"

"తగ్గిపోయాయండి."

అది అబద్ధం కాదు. పడిపోవడం తగ్గింది.

పేట పెద్దలు మాత్రం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. వేటకు బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు. పెళ్ళాం పిలవదు, తల్లి పిలవదు. అగ్గిపెట్టె మరిచిపోయినా సరే, పరిగెత్తుకెళ్ళి ఎదురుగా నిలబడి ఇస్తారు గాని కేకెయ్యరు. పిలిస్తే ఆ రోజుకు ఆ బోటు ఇక కదలదు. పాత అమ్మాయి బోట్లు పోయాక ఎప్పుడో తీరిగ్గా చదివేది, ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఈమె వేళకు చదువుతానంటోంది.

"ఆడపిల్ల, అందులోనూ ఒంట్లో బాగోని పిల్ల, వెనక నుంచి మైకులో కేకలేత్తే మేం ఏటకెళ్ళినట్టేనా?" అన్నాడు లోకనాథ్. అతనికి రెండు బోట్లున్నాయి, నోరు నాలుగు బోట్లంత.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. మొదటి బోటు ముక్కుకు నీళ్ళు తగిలేలోపు ఆమె చదవడం అయిపోవాలి. తగిలాక మైకు నోరు మూసుకోవాలి. ఎవరి పేరూ పలకకూడదు. 'వెళ్ళకండి' అన్న మాట రాకూడదు.

నూకరత్నం దానికి తగ్గట్టు తన పద్ధతి తాను చేసుకుంది. పొద్దుగూకగానే కోళ్ళతో పాటు పడుకుని, తొలి కోడి కన్నా ముందు లేచేది. గాలి సంగతి ముందు చెబితే మగవాళ్ళు వినకుండా వలలు సర్దుకునేవారు. చేప సంగతి ముందు చెబితే బీడీ నోట్లోనే ఆపి వినేవారు. అందుకని ముందు చేప చెప్పేది, ఆ చెవులు మూసుకోకముందే గాలి చెప్పేది. 'వెళ్ళకండి' అనాల్సిన రోజున, "ఈవేళ సముద్రం మనసు బాగోలేదండీ" అనేది. వాళ్ళకు అర్థమయ్యేది. నెమ్మదిగా నమ్మకం కుదిరింది. "మనసు ఎలా ఉందంటుందిరా పిల్ల?" అని లోకనాథే అడిగేవాడు, వెక్కిరించినట్టుగా. అడిగిన తరవాత జవాబు విని గాని కదిలేవాడు కాదు.

ఎవరికీ చెప్పనిది ఒకటుంది. పెద్ద ఫిట్స్ పోయిన చోట చిన్న చిన్న ఖాళీలు మిగిలాయి. పడిపోదు, కళ్ళు తెరిచే ఉంటాయి, పెదవులు మాత్రం ఏదో చప్పరిస్తాయి. తిరిగొచ్చేసరికి టీ చల్లారి ఉంటుంది. రావాల్సిన బస్సు వెళ్ళిపోయి ఉంటుంది. లోకంలోంచి ఎవరో ఒక చెంచాడు కాలం తీసేసినట్టు. అవి ఎప్పుడో గాని రావు. డాక్టరు అడిగినప్పుడు కూడా "బానే ఉందండి" అంది. చెబితే మాత్ర పెంచుతాడు, మాత్ర పెంచితే ఇంకొంచెం తిమ్మిరి. ఈ కొంచెం ఒడ్డు కూడా కోసుకుపోతుంది.

వానలు వెనకబట్టే రోజుల్లో హెలెన్ మేడం ఫోను చేసింది.

"పోస్టు వచ్చింది. వచ్చే వారం పెద్దసారు కూడా వస్తారు. నీ పేరే చెప్పాను. పక్కా ఉద్యోగం, సరేనా?"

"సరేనండి."

"ఏంటి, సంతోషంగా లేదా?"

"ఉందండి" అంది నూకరత్నం. ఫోను పెట్టేశాక కాసేపు సంతోషం కోసం చూసింది, బస్టాపులో నిలబడి చూసినట్టు. ఇల్లంతా మాత్రం సంతోషించింది. బేబీ కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకుంది, కొండ మెట్లన్నీ ఎక్కుతానని. పల్లంరాజు కూతురికి కొత్త చెప్పులు తెచ్చాడు. ఎప్పుడూ నేల చూసి మాట్లాడే మనిషి ఆ పూట ఆమె మొహం చూసి మాట్లాడాడు. ఈ ఉద్యోగం వస్తే, తాము పోయాక కూతురు ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనలేదు గాని, ఆ వారమంతా అన్నంలో ఉప్పులా అదే ఉంది.

పెద్దసారు రావడానికి ఇంకా రెండు పొద్దులున్నాయనగా, ఆ రోజు వచ్చింది.

కబురు మామూలుగానే వచ్చింది. ఆగ్నేయంగా కవళ్ళ చేపలు మందగా తిరుగుతున్నాయి. అల పెద్దగా లేదు. మధ్యాహ్నం దాటాక మాత్రం ఈదురుగాలి, లోపలికి వెళ్ళినవాళ్ళకు ప్రమాదం. నూకరత్నం మైకు నొక్కింది. నమస్కారం చెప్పింది. చేప దిక్కు చెప్పింది, లోతు చెప్పింది. బయట బీడీల నిప్పులు కదలకుండా ఆగాయి.

తరవాత ఆమె లేదు.

తిరిగొచ్చేసరికి నోట్లో పాత రూపాయి బిళ్ళ రుచి. మైకు మీద ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. కిటికీలోంచి చూస్తే తూరుపు కొంచెం తెల్లబడి ఉంది. బోట్లు నీళ్ళలో ఉన్నాయి. ముందున్నవి లోకనాథ్‌వి, వాటి వెనక తండ్రిది. మాట మధ్యలో ఆగిపోతే ఎవరికీ వింత అనిపించలేదు. కరెంటు పోయిందనుకున్నారు. కరెంటు రోజూ పోతుంది. చేప ఎక్కడుందో తెలిసింది, అది చాలు.

గాలి సంగతి ఆమె నోట్లోనే ఉండిపోయింది.

భయపడాలని తెలిసింది. పెళ్ళి భోజనాల్లో రావాల్సిన మనిషి రాక మిగిలిపోయిన పీటలా, ఆ భయం ఉండాల్సిన చోటు ఖాళీగా కనిపించింది. ఒప్పందం గుర్తుంది. నీళ్ళు తగిలాక మైకు మూసుకోవాలి. మూసుకుంటే ఎవరికీ తెలియదు. కరెంటు పోయింది, అంతే. పోస్టు ఎక్కడికీ పోదు. అలలు దాటి వెళ్తున్న తండ్రి వీపు చిన్నదవుతోంది, బనీను మీద చిరుగు కూడా కనిపించేంత దగ్గరలో ఉన్నట్టే ఉండి.

ఆమె మైకు నొక్కింది.

"మధ్యాహ్నం ఈదురుగాలండీ. సముద్రం మనసు బాగోలేదండీ."

ఇంజన్ల చప్పుడులో ఎవరికీ వినిపించలేదు. ఒకడు మాత్రం తల తిప్పి మళ్ళీ ముందుకు చూశాడు. అప్పుడు ఆమె పేర్లు పిలిచింది.

"లోకనాథ్ గారూ, వెనక్కి రండి. పల్లంరాజు గారూ, వెనక్కి రండి. పల్లంరాజు గారూ!"

అన్ని స్తంభాల మీంచీ ఒక ఆడగొంతు, వెనక నుంచి, పేరు పెట్టి. పేటలో తలుపులు తెరుచుకున్నాయి. పొయ్యి దగ్గర ఉన్న ఆడవాళ్ళు బయటికొచ్చి నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సముద్రం మీద ఒక్కొక్క బోటే వేగం తగ్గించి, తిరిగి, ముక్కులు వంచుకుని ఒడ్డుకు వచ్చింది.

మధ్యాహ్నం గాలి రాలేదు.

సాయంత్రం దాకా రాలేదు. ఎటో పైకి మళ్ళి ఎక్కడో వీచిందన్నారు. ఉప్పాడ ముందర సముద్రం ఇస్త్రీ చేసిన గుడ్డలా పడి ఉంది. మగవాళ్ళు ఒడ్డున కూర్చుని దాన్ని చూస్తూ ఉండిపోయారు. చుట్టుపక్కల ఊళ్ళ బోట్లు కవళ్ళతో నిండి ఒరుగుతూ వచ్చాయి.

లోకనాథ్ కేంద్రం గుమ్మం ముందుకొచ్చి, వేలు నోట్లో తడిపి పైకెత్తి పట్టుకున్నాడు. "ఏదే గాలి? ఎక్కడే? నీ కంప్యూటర్లో ఉందా? కాస్త ఇటు ఒదలవే, ఉక్కగా ఉంది." వెనక నిలబడినవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. "నాకు గాలి రాకపోతే బాధ లేదే అమ్మా. పేరెట్టి పిలిచావు చూడు. మా ఆవిడ పొద్దుటి నుంచి ముద్ద ముట్టలేదు."

నూకరత్నం తల దించుకుంది. సిగ్గు కూడా రాలేదు. వస్తుందేమోనని వేచి ఉంది.

పల్లంరాజు ఆ రోజంతా కూతురితో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున వల బాగు చేసుకుంటూ, తల ఎత్తకుండా, "ఇంకెప్పుడైనా పిలవాల్సొత్తే బోటు నంబరు చెప్పి పిలువు. పేరెట్టి పిలిత్తే తిరక్కుండా ఉండలేను" అన్నాడు.

ఫిర్యాదు కాకినాడ దాకా వెళ్ళింది. హెలెన్ మేడం పెద్దసారు కన్నా ఒక రోజు ముందే, ఒంటరిగా వచ్చింది. కేంద్రం ముందు పేట సగం ఉంది. లోపల కుర్చీలో మేడం, ఎదురుగా నూకరత్నం, గోడకు ఆనుకుని బేబీ. పల్లంరాజు గుమ్మం మెట్టు మీద, లోపలికీ బయటికీ కాకుండా కూర్చున్నాడు.

"కబురు ఆలస్యంగా వచ్చిందా, నూకరత్నం?" మేడం గొంతులో దయ ఉంది. ఆ ప్రశ్నలోనే జవాబు మడత పెట్టి ఉంది. "సర్వరు స్లో అయిందేమో. అవుతుంటుంది కదా. అలా అయితే నేను సారుకు చెబుతాను. నీ తప్పేం లేదు."

"కరెంటు పోయిందండి మేడం గారూ" అంది బేబీ వెంటనే. "సగంలో పోయిందండి. అందరూ విన్నారు. ఏం లోకనాథూ, పోలేదా?"

కిటికీ అవతల నిలబడి ఉన్నాడు లోకనాథ్. అతని కోపం అతనికి ఉంది. ఎదురుగా ఉన్నది పల్లంరాజు కూతురు. "పోయిందండి" అన్నాడు, పక్కకు చూస్తూ.

ఇక నూకరత్నం ఏమీ అనక్కర్లేదు. తల ఊపితే చాలు. పోస్టు అక్కడే, బల్ల మీద చేతికందేంత దూరంలో ఉంది. ఆమె మెట్టు మీద కూర్చున్న మనిషి వీపు చూసింది. అదే బనీను. రేపు ఈ వీపు మళ్ళీ నీళ్ళలోకి వెళ్తుంది. ఎల్లుండీ వెళ్తుంది. ఏదో ఒక పొద్దున ఖాళీ మళ్ళీ వస్తుంది, అప్పుడు తను తొందరగా తిరిగి రాకపోవచ్చు, గాలి దారి తప్పకుండా రావచ్చు.

"కరెంటు ఉందండి" అంది. "నేనే లేను కాసేపు."

మేడంకు అర్థం కాలేదు. నూకరత్నం చెప్పింది. టీ చల్లారడం, బస్సు వెళ్ళిపోవడం, రూపాయి బిళ్ళ రుచి. మైకులో చదివే గొంతుతోనే, ఎత్తూ పల్లం లేకుండా చెప్పింది. బేబీ గోడ మీంచి జారి కింద కూర్చుంది. "ఓసి నా తల్లీ" అంది మెల్లగా, ఎవరికీ కాకుండా. పల్లంరాజు వెనక్కి తిరగలేదు. మెడ మాత్రం కాస్త వంగింది.

"నాకెందుకు చెప్పలేదు?" అంది హెలెన్ మేడం.

"పడిపోతున్నావా అని అడిగారండి. పడిపోవట్లేదండి."

మేడం కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పక్కన ఎవరైనా కూర్చుంటే..." అని మొదలుపెట్టి, తనే ఆగిపోయింది. ఆ వేళకు బేబీ ఒడ్డున వేలంపాట దగ్గర చేపలకు నిలబడాలి. సుబ్బాయమ్మ మంచం దిగే స్థితిలో లేదు. ఇంకోసారి ఇలా జరిగితే కేంద్రమే మూసేస్తారని మేడం అనలేదు గాని, కిటికీ నిండా ఉన్న మొహాలు చూసింది.

పెద్దసారు వచ్చాడు, వెళ్ళాడు. పోస్టు నూకరత్నానికే ఇచ్చారు. దానికి హెలెన్ మేడం ఎంత మాట్లాడాల్సి వచ్చిందో ఎవరికీ తెలియదు. కాకపోతే అది పగటి పోస్టు అయింది. పది గంటలకు రావాలి, బోట్ల రిజిస్ట్రేషన్లు, ఆడవాళ్ళ అర్జీలు, డీజిలు సబ్సిడీ సంగతులు కంప్యూటరులో ఎక్కించాలి. కొత్త డాక్టరుకు చూపించుకోవాలి, దాచకుండా చెప్పాలి. తెల్లవారుజాము మైకు మాత్రం ఆమెది కాదు.

దానికి సురేష్‌బాబును పెట్టారు. లోకనాథ్ తమ్ముడి అల్లుడు. ఇంజను పట్టాలో కుడిచెయ్యి నలిగి, మూడు వేళ్ళు మడత పడక, బోటు మానేసిన మనిషి. ఇద్దరు పిల్లలు. జీతం లేదు. చేస్తూ ఉంటే, పోస్టు వచ్చిన రోజు ముందు అతన్నే అడుగుతారు.

నేర్పడానికి ఒక్క పొద్దుకు నూకరత్నం కూడా వెళ్ళింది. సురేష్‌బాబు కంప్యూటరు ముందు కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. నలిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఎడంచేత్తో మైకు పట్టుకున్నాడు.

"మైకుని మింగెయ్యకండి. కాస్త దూరంగా" అంది.

"వణుకొత్తందమ్మాయ్. సముద్రంలో ఎప్పుడూ రాలేదు." గొంతు తగ్గించి అడిగాడు. "ఊరికే చేత్తే నిజంగా పోస్టొత్తదా?"

"నాకు వచ్చింది" అంది నూకరత్నం.

అతను ఆ జవాబులో ఇంకేమైనా ఉందేమోనని ఆమె మొహం చూశాడు. ఏమీ కనిపించలేదు. కాగితం ముందుకు లాక్కున్నాడు. చేప దిక్కు మీద వేలు పెట్టాడు.

"అది కాదు. ముందు గాలి చెప్పండి. చేప తరవాత."

"ముందు గాలి చెబితే ఇనరు కదా?"

"వినరు."

"మరి?"

"అయినా ముందు గాలే."

సురేష్‌బాబు మైకు నొక్కాడు. స్పీకర్లు దగ్గాయి. మగగొంతు, తడబడుతూ, గాలి ఏ దిక్కు నుంచి ఎంత వేగంతో వస్తుందో చెప్పడం మొదలుపెట్టింది. బయట చీకట్లో బీడీలు ఆగలేదు, కదులుతూనే ఉన్నాయి. ఎవరో వల ఈడుస్తున్నారు. ఎవరో నవ్వారు. పల్లంరాజు ఒక్కడే బోటు అంచు మీద చెయ్యి ఆనించి, స్తంభం వైపు తల ఎత్తి నిలబడ్డాడు. గాలి సంగతి చివరి మాట దాకా విన్నాడు. చేప సంగతి వచ్చేసరికి వంగి తాడు విప్పుకోసాగాడు.

నూకరత్నం కిటికీ దగ్గర నిలబడి అది చూసింది.